హెల్మెట్ పెట్టుకునే బల్ల

"ఇది లాప్‌టాపా, తలుపు రెక్కా?" అన్నాడు మా ఆయన, నేను సంచిలోంచి బయటికి తీయగానే.

ఆఫీసువాళ్ళు వాడి చూడమని ఇచ్చారు. నేను బాగుందంటే మా విభాగంలో అందరికీ ఇవే వస్తాయి. లేదంటే చవకని, కళ్ళు పొడుచుకునే ఆ చిన్నవే మళ్ళీ కొంటారు. నేను చెప్పాల్సిన జవాబు కూడా మేనేజరు అప్పుడే నవ్వుతూ అందించాడు. "బరువెక్కువ, మోయలేకపోతున్నాం అని రాసెయ్యండి మేడమ్. ఆడవాళ్ళు చెబితే పైవాళ్ళు నమ్ముతారు."

బరువట! నీళ్ళ క్యాను చంకనెత్తుకుని మెట్లెక్కే మనిషితో!

మాది మందుల పార్సెళ్ళు చేరవేసే కంపెనీ. ఏ వ్యాను ఎక్కడుందో చూస్తూ, ఆగినదానికి దారి వెతకడం నా పని. వారంలో సగం ఇంట్లోంచే చేస్తాను. ఇంట్లోంచి అంటే వంటగట్టు మీంచి, వాషింగ్ మెషీన్ మీంచి, మంచం చివర నుంచి. పాత లాప్‌టాప్ ఎక్కడైనా ఇమిడిపోయేది, నాలాగే. ఎవరు పిలిచినా పాలగిన్నెకి పెట్టినట్టు దాని మూత సగం వాల్చి లేచేదాన్ని. "ఎప్పుడు చూసినా ఆ డబ్బా ముందే" అనేది అత్తయ్య. "టైపింగేగా, కాసేపాగి చేసుకో" అనేవాడు ఆయన. ఆ చిన్న తెరలో మ్యాపు తెరిస్తే డ్రైవర్ల వివరాలు కనిపించవు, వివరాలు తెరిస్తే మ్యాపు పోతుంది. సగం పని నా తలలోనే జరిగేది. తలలో జరిగే పని ఎవరికి కనిపిస్తుంది?

కొత్తది మాత్రం ఇమడనంది. స్టవ్వుకీ సింకుకీ మధ్య పెడితే ఒక మూల గాల్లో వేలాడింది. ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు దాటిపోయింది. భోజనాల బల్ల మీద పెడితే పూటపూటా గిన్నెలొచ్చి లేపేశాయి. ముందు గదిలో, కిటికీ పక్కన, ప్లగ్గు దగ్గరే మంచి బల్ల ఒకటుంది. ఆయన ఆఫీసు పనికని కొన్నాం. దాని మీద ఆయన హెల్మెట్, బండి తాళాలు హాయిగా కాపురముంటాయి.

విసుగొచ్చి, చిన్నదే నయమని రాసేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే, భోజనాల బల్ల దగ్గర పనిలో ఉండగా, ఒక వ్యాను ఆగిపోయింది.

అత్తయ్య నా వెనకాల నిలబడింది. ఆవిడ చూపుకి పాత తెర మీద అన్నీ చీమలే. ఇప్పుడు మాత్రం కళ్ళజోడు సర్దుకుంది.

"ఆ రంగు చుక్కలేంటమ్మాయ్?"

"మా వ్యాన్లు అత్తయ్యా. ఆకుపచ్చవి వెళ్తున్నాయి."

"మరి ఆ ఎర్రది?"

"వంతెన మీద బళ్ళు ఆపేశారట, అక్కడే చిక్కుకుంది. అందులో ఇన్సులిన్ ఉంది, చల్లదనం పోతే పాడైపోతుంది."

"పొద్దున్నే నువ్వు నాకు పొడిచేదా?"

"అదే."

అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఎడమపక్క మ్యాపు, కుడిపక్క డ్రైవర్లు. మొదటిసారి రెండూ ఒకేసారి నా కళ్ళముందున్నాయి. వంతెన అవతల, మందుల్ని చల్లగా ఉంచే మా బండి ఒకటి ఖాళీగా ఉంది. ఎర్ర వ్యాను డ్రైవరుకి ఫోన్ చేశాను.

"అన్నా, నడిచేవాళ్ళని వదులుతున్నారా?"

"వదులుతున్నారమ్మా."

"పెట్టె పట్టుకుని నడిచి దాటెయ్. అటుపక్క మన బండి నిలబెడతాను."

"సరే గానీ, నేనొచ్చేదాకా ఆ బండి డ్రైవర్ని కదలనీయకండి!"

అంతలో ముందు గదిలోంచి కేక. "టీ!"

నా చెయ్యి అలవాటుగా మూత మీదికి వెళ్ళింది. దాని మీద అత్తయ్య చెయ్యి పడింది.

"ఉండరా! మందుపెట్టె ఇంకా వంతెన దాటలేదు!"

"ఏ పెట్టె?" అంటూ ఆయన వచ్చాడు. వచ్చి, తెర చూసి, నిలబడిపోయాడు.

"ఇవన్నీ నువ్వే నడుపుతావా?"

"నడిపేది వాళ్ళు. నేను దారి చూపిస్తాను."

"డబ్బా డబ్బా అన్నాను దీన్ని," అంది అత్తయ్య మెల్లగా, నా చెయ్యి వదలకుండానే. అని కొడుకు వైపు తిరిగింది. "నిలబడితే టీ రాదు, స్టవ్వు అటుంది. నాక్కూడా ఒకటి, చక్కెర లేకుండా."

పెట్టె ఎక్కించుకుని వంతెన అవతల ఆకుపచ్చ చుక్క కదిలింది. అత్తయ్య చప్పట్లు కొట్టింది. టీలో ఆయన ఆకు ఎక్కువ వేశాడు. అయినా తాగాం.

"భోజనాల వేళైంది, అది తీస్తావా?" అన్నాడాయన తర్వాత.

తీశాను. వంటింట్లోకి మాత్రం వెళ్ళలేదు. ముందు గదిలోకి నడిచి, బల్ల మీది హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చి, దాని చోట లాప్‌టాప్ పెట్టాను.

"మరి ఇదెక్కడ పెట్టుకోను?" పాపం, నిజంగానే అడిగాడు.

"ఒళ్ళో పెట్టుకోరా," అంది అత్తయ్య. "ఇన్నేళ్ళూ అమ్మాయి పెట్టుకోలేదూ?"

ముందు ఆయనే నవ్వాడు.

మర్నాడు మేనేజరు ఫోన్ చేశాడు. "బరువెక్కువేగా మేడమ్?"

"బరువుదేముంది సార్. తెర చాలా బాగుంది, అందరికీ తెప్పించండి. కాకపోతే మాలో చాలామందికి ఇంట్లో దీన్ని పెట్టుకునే చోటు లేదు. దీంతోపాటు తలా ఒక బల్ల కూడా పంపండి."

"మీకూ పంపమంటారా?"

కిటికీలోంచి ఎండ నా చేతుల మీద పడుతోంది.

"నాకొద్దు సార్. నాకుంది."