సవరణ 214 కింద ఫోన్ నంబరు

నా ఫోన్ నంబరు యూరోపియన్ పార్లమెంటు కాగితాల్లోకి ఎక్కిన సంగతి నాకు మొదట చెప్పింది మారికా. వెల్లో అనే ఎస్తోనియా సభ్యుడి దగ్గర ఆమె సహాయకురాలు. మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది.

"ఇల్డా, కూర్చునే ఉన్నావా?"

"కూర్చునే ఉన్నాను."

"సవరణలు బయటికొచ్చాయి. 214 తీసి చూడు. కింద దాకా చదువు."

తీసి చూశాను. సవరణ నేను రాసినట్టే ఉంది. దాని కింద కారణాలు కూడా నేను రాసినట్టే ఉన్నాయి. ఆ కారణాల చివర, "సందేహాలుంటే ఇల్డాకు ఫోన్ చేయండి" అన్న వాక్యం, మా ఆఫీసు నంబరు.

బ్రస్సెల్స్‌లో మా సంఘం, డబ్బున్నవాళ్ల సొమ్ము షేర్లలో పెట్టే హెడ్జ్ ఫండ్ల తరఫున చట్టాలు చేసేవాళ్లతో మాట్లాడుతుంది. చట్టం ముసాయిదా రాగానే మూడు గడుల పట్టిక గీస్తాం. ఎడమ గడిలో ముసాయిదా వాక్యం, కుడి గడిలో మేం కోరే వాక్యం, అడుగు గడిలో ఎందుకు మార్చాలో నాలుగు ముక్కలు. సభ్యుడికి నచ్చితే తన పేరు మీద పెడతాడు, నచ్చకపోతే పారేస్తాడు. రైతు సంఘాలూ, కార్మిక సంఘాలూ చేసేది కూడా ఇదే. రాసిందెవరో కాగితం మీద కనిపించకూడదన్నది ఒక్కటే మర్యాద.

మారికా కోసం పట్టిక బయట ఉండాల్సిన ఫోన్ వాక్యాన్ని నేను పట్టిక లోపల పెట్టాను. గడువుకు పది నిమిషాల ముందు ఇరవై రెండు సవరణలు వరసగా అతికించిన మారికా అది చూసుకోలేదు. ఆ తరువాత అనువాదకులు తమ పని శ్రద్ధగా చేశారు. ఇరవై నాలుగు భాషల్లో సందేహాలుంటే నాకే ఫోన్ చేయాలి.

"వెల్లో గారు ఏమంటున్నారు?" అని అడిగాను.

"సాయంత్రం ఐదింటికి సవరణ వెనక్కి తీసేసుకుంటానంటున్నారు. తప్పు నాది కూడా. కానీ ఆయన్ని ఆపడం నా వల్ల కాదు."

గురువారం కమిటీలో ఓటింగు. నా ఆరు నెలల ఒప్పందం ఈ నెలాఖరుతో అయిపోతుంది. అంతకన్నా నన్ను కలవరపెట్టింది పోర్చుగల్‌లోని పోర్తోలో నలుగురు నడుపుకునే ఒక చిన్న ఫండ్. ఫలానా కంపెనీ షేరు విలువకు మించి పెరిగింది, పడిపోతుంది అని లెక్కగట్టి పందెం కాయడం వాళ్ల పని. కొత్త ముసాయిదా ప్రకారం ఆ పందెం కాసినవాళ్ల పేర్లు మర్నాడే బయటపెట్టాలి. పేరు తెలిస్తే బాగా డబ్బున్న మదుపరులు అదే షేరు కొని, ధర ఎగదోసి, వాళ్ల ఊపిరి ఆపేస్తారు. పేర్లు ఎప్పటికీ బయటపెట్టవద్దని నా సవరణ కోరింది.

మా డైరెక్టర్ కోర్నెలిస్ మజ్జిగ డబ్బా పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. హాలండ్ మనిషి. ఏం జరిగినా ముందు మజ్జిగ తాగుతాడు.

"మాల్టా భాషలో చూశావా?"

"చూశాను సార్. నంబరు అక్కడ కూడా సరిగ్గానే ఉంది."

"ముప్పై ఏళ్లయింది నేనీ ఊరికి వచ్చి. చట్టం కాగితాల్లో నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. నీకు ఐదు నెలలకే వచ్చింది." డబ్బా బల్ల మీద పెట్టాడు. "నీ ఫోన్ లైను తీయించేస్తున్నాను. పొరపాటు జరిగిందని రెండు ముక్కలు రాసి పంపేద్దాం."

"లైను తీస్తే దాక్కున్నట్టుంటుంది సార్. ఫోన్ చేయమని రాసింది నేనే. చేస్తే మాట్లాడతాను."

"జవాబు తెలియనిది అడిగితే?"

"తెలియదంటాను."

ఆయన డబ్బా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఐదింటిదాకా నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

మా ఊరి బడిలో నాలుగు తరగతులకు ఒకటే గది. మన వంతు వచ్చేదాకా ఇతరులకు చెప్పే పాఠం వింటూ కూర్చోవాలి. ఆ రోజు నాకు ఆ అలవాటు పనికొచ్చింది. మొదట ఫోన్ చేసిన ఇద్దరూ నవ్వి పెట్టేశారు. మూడో ఫోన్ ఒక విలేకరిది.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాశానండి."

"ఒప్పుకుంటున్నారా?"

"నా నంబరే ఉంది కదండీ. ఇంకెవరిదని చెప్పను?"

పన్నెండింటికి బెల్జియంలోనే ఉన్న లియెజ్ ఊరి నుంచి ఒక పెద్దాయన చేశాడు. గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశాడట.

"మా కంపెనీ షేరు పడిపోతుందని పందెం కాసినవాళ్ల పేర్లు నాకు ఫ్యాక్టరీ మూతపడ్డ రెండేళ్లకు తెలిశాయి. నీ సవరణ వస్తే అది కూడా తెలియదు. అవునా, కాదా?"

"అవునండీ. తెలియదు."

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటావనుకున్నాను."

"మీకు ఎప్పుడు తెలిస్తే పనికొస్తుందండీ?"

"మర్నాడే కావాలని నేననను. ఫ్యాక్టరీ ఉండగా తెలిస్తే చాలమ్మా."

ఆ మాట కాగితం మీద రాసుకుని పోర్తోకు ఫోన్ చేశాను. పేరు ఎన్నాళ్లు బయటపడకుండా ఉంటే మీ పని మీరు చక్కబెట్టుకోగలరని అడిగాను. పది పనిదినాలు చాలన్నారు. ఎప్పటికీ వద్దని వాళ్లు అసలు అడగనేలేదు. అలా అడిగింది మా పెద్ద సభ్యులు.

కోర్నెలిస్ దగ్గరకు వెళ్లాను. "షేర్ మార్కెట్ పర్యవేక్షణ సంస్థకు పేర్లు పందెం కాసిన సాయంత్రమే ఇచ్చేద్దాం సార్. జనానికి పది పనిదినాల తరువాత."

"మన పెద్ద సభ్యులు ఒప్పుకోరు."

"ఐదు దాటితే సవరణే ఉండదు, మర్నాడే వాళ్ల పేర్లు బయటపడతాయి. ఆ మాట చెప్పండి."

ఆయన తలుపు వేసుకుని మూడు ఫోన్లు చేశాడు. మూడోదానికి గొంతు పెంచాడు. బయటికొచ్చి తలూపాడు.

మేం ఫోన్ చేసేలోపు అవతలి పక్షం నుంచే ఫోన్ వచ్చింది. మాకు ఎదురు నిలిచిన సభ్యుడి సహాయకురాలు థెక్లా, గ్రీకు అమ్మాయి. ఈ చట్టం మీద ఆమెకున్న పట్టు ఊళ్లో అందరికీ తెలుసు. నోరు కూడా తెలుసు.

"ఇల్డా గారేనా? సందేహాలుంటే చేయమన్నారు."

"చెప్పండి."

"ఒక్కటే సందేహం. మీవాళ్లు ఏదైనా ఎప్పుడైనా వదులుకుంటారా, లేక అది మీ మతానికి విరుద్ధమా?"

"ఇవాళ వదులుకుంటున్నాం. రాసుకోండి."

చెప్పాను. పోర్తో గురించి చెప్పాను. లియెజ్ పెద్దాయన అన్న మాట కూడా చెప్పాను. అవతల టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

"గాజు ఫ్యాక్టరీ ఆయన మాట మా వైపుది కదా. నువ్వెందుకు చెబుతున్నావు?"

"నాకు ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి."

"సరే. మా సారు పేరూ వెల్లో గారి పేరూ కలిపి రాజీ సవరణ పెడతాం. నీ నంబరు మాత్రం తీసేస్తాను, ఏమనుకోకు."

నాలుగూ నలభైకి మారికా ఫోన్ చేసింది. వెల్లో ఒప్పుకున్నాడు. ఆయన సిగ్గుపడ్డది నంబరుకేనట, వాక్యానికి కాదట.

గురువారం కమిటీ గదిలో గోడవారన కుర్చీలో కూర్చుని చేతులు లెక్కపెట్టాను. రాజీకి అనుకూలంగా ముప్పై నాలుగు, వ్యతిరేకంగా ఇరవై ఒకటి. రాజీ సవరణ గెలవడంతో 214 దానంతటదే పడిపోయింది. కాగితాల్లో మాత్రం ఇరవై నాలుగు భాషల్లోనూ అలాగే ఉంటుంది.

బయట కోర్నెలిస్ కొత్త ఒప్పందం నా చేతిలో పెట్టాడు. "రెండేళ్లకు రాయించాను. ఇప్పుడు నీ నంబరు మార్చాలంటే చట్టం తేవాలి."

ఆఫీసుకు రాగానే లియెజ్ పెద్దాయనకు ఫోన్ చేశాను.

"పేర్లు పది పనిదినాలకు బయటపడతాయండీ."

"మా ఫ్యాక్టరీ మూతపడటానికి నాలుగు నెలలు పట్టింది" అన్నాడాయన. "సరిపోయేది. ఈ నంబరు ఇలాగే ఉంటుందా అమ్మా?"

"ఉంటుందండీ" అన్నాను.