కలెక్టరు గారి పంజరం

రేవతి చెరువు నీళ్ల సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. అబిగయీలు సీసా వంక చూడలేదు, దాన్ని పట్టుకున్న వేళ్ల వంక చూసింది. మూడు వేళ్లకు ప్లాస్టర్లున్నాయి. పోయిన బుధవారం రెండే ఉండటం ఆమెకు బాగా గుర్తు.

ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకు నీళ్లు పరీక్ష చేసిపెట్టే చిన్న ల్యాబు అది. అబిగయీలు ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది, రొయ్య మేత ఎందుకు ముట్టడం లేదు అని జనం అడగడానికి వస్తారు. ఆమె మాత్రం వచ్చిన వాళ్లనే అడుగుతుంది. ఏ సంగతైనా అంతు తేలకపోతే ఆమెకు అన్నం సహించదు. అందుకని ఊళ్లో ఆమెకు ఆరాలు తీసే మనిషని పేరుంది. ఆ పేరేమీ పూర్తిగా అబద్ధం కాదు.

వేళ్లకేమైందని అడిగితే కలెక్టరు కరిచిందని చెప్పింది రేవతి.

తెలియనివాళ్లు వింటే కంగారు పడతారు గానీ, ఈ కలెక్టరు ఒక పక్షి. సన్ కన్యూర్ అంటారు. మైనా కంటే కాస్త పెద్దది, ఒళ్లంతా పసుపు, మొహం నారింజ రంగు, ముక్కు నల్లటి కొక్కెం. రేవతి భర్త పెంచలకృష్ణ నాలుగేళ్ల కిందట, పంట బాగా వచ్చిన ఏడు, చెన్నై నుంచి తెచ్చాడు. అది అరిచిందంటే వీధిలో కూర్చున్న వాళ్లంతా లేచి నిలబడతారు కనక ఆ పేరు పెట్టాడు. పేరు పెట్టాడే గానీ ఒక్కనాడు పంజరం కడిగిన పాపాన పోలేదు. ఆ చాకిరీ రేవతిదే. పొద్దున్నే ట్రే లాగి పాత పేపరు తీసెయ్యాలి, రెట్టలు గీకాలి, చెయ్యి లోపల పెట్టి నీళ్ల గిన్నె తియ్యాలి, కడిగి మళ్లీ తగిలించాలి. ఆ గిన్నె తీసేటప్పుడు కలెక్టరు మెల్లగా దిగి ఆమె మణికట్టు మీద కూర్చునేది. కూర్చుని ఆమెతో పాటే పని పర్యవేక్షించేది.

ఏడు నెలల కిందట పెంచలకృష్ణ చెరువు గట్టు మీద కూలబడి, ఆసుపత్రికి చేరకముందే పోయాడు. చెరువులు రేవతి నెత్తిన పడ్డాయి. పక్షి కూడా అప్పటి నుంచే మారిపోయింది.

అప్పటి నుంచి అంటే ఎప్పటి నుంచి అని అబిగయీలు నిలదీసింది. రేవతి ఆలోచించుకుని చెప్పింది. దినాలు జరిగే రోజుల్లో కూడా పంజరం తనే కడిగింది, అప్పుడు అది ఏమీ అనలేదు. పదకొండో దినం దాటిన మర్నాడు గిన్నె కోసం చెయ్యి పెడితే నెత్తురొచ్చేలా కరిచింది. ఇక అంతే, రోజూ యుద్ధమే. ఆమె అత్త ఆదిశేషమ్మ మాత్రం ఎప్పుడు చెయ్యి పెట్టినా జామకాయ ముక్క మర్యాదగా అందుకుంటుంది. ఆదిశేషమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. పక్షులకు తెలుస్తుందట. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి వాటికి గిట్టదట. ఆవిడ భర్త హజరత్తయ్య డెబ్బై ఆరేళ్ల వయసులో నిక్షేపంగా వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు మరి.

"ఆదివారం సంగం ఊరి నుంచి మనిషొస్తాడక్కా, పక్షిని ఇచ్చేస్తా," అంది రేవతి. "నేను ఎదురొస్తే జనం పక్కకు తప్పుకుంటాండారు. పోనీలే అనుకున్నా. ఇంట్లో అది గూడా నన్ను ఒద్దనుకునింది. రోజూ దాన్ని చూస్తా ఎట్టుండేది?"

అబిగయీలుకు బాధేసింది. నిజం చెప్పాలంటే, ఆ బాధ పక్కనే కుతూహలం కూడా లేచి కూర్చుంది. మొగుడు పోయిన సంగతి పక్షికి తెలిసేదైతే పోయిన రోజే తెలియాలి గదా. పదకొండు రోజులు ఊరుకుని పన్నెండో రోజు కరవడమేమిటి? ఇవాళ బుధవారం. మధ్యలో మూడు రోజులున్నాయి.

ల్యాబులో ఆమె నేర్చుకున్న పద్ధతి ఒకటే. చెరువులో ఏదో తేడా చేస్తే అన్నీ ఒకేసారి మార్చకూడదు, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. గురువారం సాయంత్రం రేవతి ఇంటికి పోయి, ఆమెను దూరంగా నిలబెట్టి, తన చెయ్యి పంజరంలో పెట్టింది. కలెక్టరు కొమ్మ మీద నుంచి దూకి బొటనవేలు పట్టుకుంది. పట్టుకుని వేలాడింది కూడా.

నొప్పితో కళ్ల నీళ్లొచ్చినా అబిగయీలు మొహం వెలిగిపోయింది. తన భర్త కిషోర్ బాబు బతికే ఉన్నాడు, ఆ సమయానికి నెల్లూరులో ఆటో నడుపుతున్నాడు. అంటే దీనికీ వైధవ్యానికీ సంబంధం లేదు. ఆ మాటే ఆదిశేషమ్మతో అంటే ఆవిడ చలించలేదు. క్రైస్తవులు బొట్టు పెట్టుకోరు కాబట్టి పక్షి పొరబడి ఉంటుందని తీర్పు చెప్పింది. అబిగయీలుకు కోపం రాలేదు. అది కూడా పరీక్షించి చూడదగిన మాటే అనిపించింది.

శుక్రవారం ఆవిడనే బతిమాలుకుంది. పంజరం పక్కనున్న బీరువా చాటున నిలబడి, మొహం కనపడకుండా, చెయ్యి మాత్రం చాచి జామకాయ ముక్క ఇమ్మంది. ఈ వయసులో దొంగాటలేమిటని గొణుక్కుంటూనే ఆదిశేషమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. కలెక్టరు ముక్క అందుకుంది, కరవలేదు. బొట్టు కనపడకపోయినా కరవలేదు. అయితే అబిగయీలు చూసింది అది కాదు. ఆదిశేషమ్మ ఇంకా వంటింటి గడప దాటకముందే పక్షి మెడ అటు తిప్పి, ఒక పక్కకు జరిగి, చోటు ఇచ్చింది. ఆవిడ రావడం చూసి తెలుసుకోలేదు, విని తెలుసుకుంది.

ఏం విన్నది? అబిగయీలు ఆదిశేషమ్మ చేతుల వంక చూసింది. మణికట్టు నుంచి మోచేతి దిశగా డజనేసి మట్టి గాజులు. తర్వాత రేవతి చేతుల వంక చూసింది. పదకొండో దినాన ఆ చేతులకు ఏం చేసి ఉంటారో ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరికి తన చేతుల వంక చూసుకుంది. పంతొమ్మిదేళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్న రోజు గాజులు తీసేసింది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. ముప్పై ఏళ్లయింది, ఆ చప్పుడు ఎలా ఉంటుందో కూడా మరిచిపోయింది.

శనివారం సాయంత్రం ఆమె బస్టాండు దగ్గర ఫ్యాన్సీ అంగడికి పోయి ఆకుపచ్చ గాజులు డజను కొన్నది. అంగడి విజయకుమారి ఆమెను చిన్నప్పటి నుంచి ఎరుగును. ఎవరికని అడిగింది. పక్షి కోసమని అబిగయీలు ఉన్న మాటే చెప్పింది. విజయకుమారి ఇంకేమీ అడగకుండా పొట్లం కట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తెల్లచీరతోనే రేవతి ఇంటికి వచ్చింది. సంచిలో బైబిలు పక్కన గాజుల పొట్లం. సంగం మనిషి మధ్యాహ్నం మూడుకు వస్తానన్నాడట. పెరట్లో కుళాయి దగ్గర చేతికి సబ్బు రాసుకుని, గాజులు ఒక్కొక్కటే కణుపుల మీదుగా తోసింది. ప్రభువా, ఇది అలంకారం కాదు, పరీక్ష అని మనసులో విన్నవించుకుంది. అయినా చెయ్యి కదిలినప్పుడు వాటి గలగల వింటే కొంచెం సంతోషం కలిగింది. దానికి కూడా క్షమించమని అడిగింది.

పంజరం తలుపు తీసి చెయ్యి లోపలికి పోనిచ్చింది. కలెక్టరు మెడ వంచి చూసింది, ఒక పక్కకు జరిగింది. అబిగయీలు నీళ్ల గిన్నె తీసింది, కడిగింది, తగిలించింది. ట్రే లాగి పేపరు మార్చింది, గీకింది, తుడిచింది. మళ్లీ చెయ్యి పెట్టి కొమ్మ కూడా తుడిచింది. పక్షి ఒక్క మాట అనలేదు.

"అది నిన్ను ఒద్దనుకోలా మే," అంది అబిగయీలు. "అలికిడి లేకుండా చెయ్యి వచ్చి మీద పడితే అదిరిపడి కరుస్తాండాది. నాలుగేళ్లు గాజుల చప్పుడు విని నువ్వొస్తుండావని తెలుసుకునింది. ఇప్పుడు వచ్చింది నువ్వని దానికి తెలీలా."

చెప్పేశాక గానీ తన మాటకు అర్థం ఎటు పోతుందో ఆమెకు తట్టలేదు. రేవతి కన్నార్పకుండా ఆ గాజుల వంకే చూస్తోంది. గడపలో ఆదిశేషమ్మ గుడ్లప్పగించి నిలబడింది. వసారాలో పేపరు మడిచిన చప్పుడైంది. చెరువు నీళ్లలో తేడా కనిపెట్టినంత సులువుగా ఒక కొంపలో నిప్పు పెట్టానే అని అబిగయీలు తనను తాను తిట్టుకుంది.

ముందుగా తేరుకున్నది ఆదిశేషమ్మే. గబగబా లోపలికి పోయి ఒక చెంచా, స్టీలు గ్లాసు తెచ్చింది. చప్పుడే గదా కావలసింది, ఇది కొట్టుకుంటూ చెయ్యి పెట్టమని కోడలికి ఇచ్చింది. అబిగయీలు సరేనని తలూపింది. పద్ధతి ప్రకారం అది కూడా చూడవలసిందే.

రేవతి గ్లాసు మీద చెంచాతో కొట్టింది. కలెక్టరు ఈకలు నిక్కబొడుచుకుని ముక్కు తెరిచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, మళ్లీ కొట్టింది, కొడుతూ కొడుతూ దగ్గరికి పోయింది. రెండోసారి ఈకలు దిగాయి. మూడోసారి గ్లాసు పక్కన పెట్టి, చెంచాతో ఊచల మీద మెల్లగా తడుతూ చెయ్యి లోపల పెట్టింది. పక్షి కొమ్మ చివరికంటా నడిచొచ్చి, ప్లాస్టర్లున్న వేళ్లను దాటుకుని, మణికట్టు మీద కూర్చుంది. రేవతి చెయ్యి కదపలేదు. ఏడు నెలలుగా ఎవరూ తాకని చెయ్యి అది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి రెండో చేతిలో చెంచా ఉంది.

చాలాసేపటికి పక్షిని దించి, ఫోను తీసి, రానక్కర్లేదని సంగం మనిషికి చెప్పింది. ఆదిశేషమ్మ ఊపిరి పీల్చుకుని గ్లాసు లోపల పెట్టబోయింది. అబిగయీలు గాజులు తీసి కిటికీలో పెట్టింది. పరీక్ష అయిపోయింది గనక ఇక వాటితో ఆమెకు పని లేదు.

రేవతి కిటికీ దగ్గరికి పోయింది. ఒక గాజు తీసి చేతికి తొడుక్కుంది, ఇంకొకటి తొడుక్కుంది. అబిగయీలు వెడల్పాటి చేతికి కొన్నవి కావడంతో అవి మోచేతి దాకా జారాయి.

"నాకు లూజుగా ఉండాయి. యా అంగట్లో తెచ్చినావక్కా?" అని అడిగింది. "రేపు నేనే పోయి నా సైజువి తెచ్చుకుంటా."

అబిగయీలు అంగడి పేరు చెప్పింది. ఆదిశేషమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"చెంచా ఉండాది గదమ్మా, మళ్లా గాజులెందుకు?" అంది. ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా వినపడింది.

"చెంచా దానికత్తా," అంది రేవతి. "గాజులు నాకు."