పెరుగన్నం మప్పిన మొక్క

ఆ రోజుల్లో తెల్లారుతూనే నాకు రెండు పనులుండేవి. మొక్క ఆకుల మీద పాలచుక్కలు వెయ్యడం, అత్తగారు కాచి ఇచ్చిన కషాయం కళ్లు మూసుకుని తాగెయ్యడం. ఆ తరవాతే నీళ్లు తోడడం, మడి వంట, మా ఆయన టెక్కలి కచేరీకి బయల్దేరే వేళకి భోజనం.

మొక్క సంగతి ముందు చెప్పాలి. సోంపేటలో పెళ్లికి వెళ్లి వస్తుంటే బస్సు చెడిపోయింది. దిగి నిలబడితే రోడ్డు పక్క బీల, అదే చిత్తడినేల, గట్టున తడి ఇసకలో కనబడింది. రూపాయి బిళ్లంత, ఎర్రగా, ఆకుల నిండా మెరిసే జిగురుబొట్లు. ఒక దోమ దానిమీద వాలింది, మళ్లీ లేవలేదు. మా వీధి ఆడవాళ్లం ముగ్గురం, ఆండాళ్, బాలసరస్వతి, నేను, తలా ఒకటి ఇసకతో సహా కొబ్బరిచిప్పల్లో ఎత్తుకొచ్చాం. పుట్టింటివారు పెట్టినవీ అత్తింటివారు పెట్టినవీ పక్కన పెడితే, నాదీ అని నేను తెచ్చుకున్నది అదొక్కటే.

అత్తగారు ముక్కుమీద వేలేసుకుంది. "పురుగుల్ని తినే మొక్క మనింట్లో ఏటే! రేపు చేపలబుట్ట కూడా దింపిస్తావా?" పారెయ్యమంది. నేను పారెయ్యలేదు, దానికి శాకాహారం మప్పుతానన్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గాని, అప్పుడు మా ముగ్గురికీ అదే సబబుగా తోచింది.

నూతి దగ్గర కలిస్తే అవే కబుర్లు. "మా దానికి పెరుగన్నం పిసికిన నీళ్లు పొయ్యగానే కళకళలాడిపోతోందే," అనేది ఆండాళ్. "పప్పుకట్టులో చిటికెడు పసుపు వేసి చూడండి, మాది దాంతోనే నిలబడింది," అనేది బాలసరస్వతి. నేను ఇంటికొచ్చి అన్నీ పోసేదాన్ని. ఆకులు ఒక్కొక్కటే నల్లబడి కుళ్లుతున్నా, ఎవరైనా అడిగితే బాగానే ఉందనేదాన్ని. అందరికీ పట్టిన మందు నాకే పట్టడం లేదని ఎలా చెప్పను?

ఆ మాట నాకు కొత్త కాదు. "బాలసరస్వతికి ఈ కషాయంతోనే కడుపు పండింది. నీకు పట్టడం లేదంటే లోపం నీ ఒంట్లో ఉన్నట్టే కదా," అనేది అత్తగారు రోజూ గ్లాసు అందిస్తూ. వాంతులవుతున్నాయనీ, అన్నం సయించడం లేదనీ మా ఆయనతో చెప్పుకుంటే, "అమ్మ మంచికే చెప్తోంది, తాగితే పోయేదేముంది?" అనేవారు. పోయేది నా ప్రాణం కదా, ఆయనకేం! పిల్లలు ఇద్దరివల్ల కలుగుతారని అందరికీ తెలిసిన ఇంట్లోనే మందు మాత్రం ఒక్క గ్లాసులో పోసేవారు. ఆయన ఎన్నడూ దాని వాసన కూడా చూసి ఎరగరు.

వానాకాలంలో ఒకరోజు నూతిగట్టు మీద కళ్లు తిరిగి పడిపోయాను. కొన్నాళ్లు మంచం దిగలేదు. కషాయం గొంతు దిగలేదు, మొక్కకి పాలచుక్క వేసేవాళ్లూ లేరు. లేచి పెరట్లోకి వెళ్లి చూద్దును కదా, వానకి తడిసి తడిసి, కుళ్లిన ఆకుల మధ్యనుంచి కొత్త ఆకులు ఎర్రగా విచ్చుకున్నాయి. ఒకదానికి చీమ అతుక్కుని ఉంది. ఎవరూ ఏ వైద్యమూ చెయ్యకపోబట్టి బతికింది!

చిప్ప పట్టుకుని ఆండాళ్ ఇంటికి పరిగెత్తాను. బాలసరస్వతి కూడా పిల్లాణ్ణి చంకనేసుకుని అక్కడే ఉంది. "ఏదే నీది, చూపించు," అన్నాను ఆండాళ్‌తో. అది గడపమీద కూలబడింది.

"ఇంకెక్కడిదే, పెరుగన్నం పొయ్యగానే కుళ్లిపోయింది. నా చేత్తో మొక్కైనా బతకదంటారని చెప్పలేదు."

"మా చిప్పలో ఇప్పుడు చీమలు కాపురముంటున్నాయి," అంది బాలసరస్వతి. ముగ్గురం పడీ పడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ బాలసరస్వతి నా మొహం చూసి ఆగిపోయింది.

"సుందరీ, ఆ కషాయం నేను ఒక్కరోజు కూడా తాగలేదే. వాసన పడక తూములో పారబోసేదాన్ని. కడుపు నిలిచాక అందరూ దాని చలవే అంటే, మా అత్తయ్య సంతోషం చూసి ఊరుకున్నాను. నువ్విలా చిక్కి సగమైపోతావనుకోలేదే."

నాకు దానిమీద ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొడదామనుకున్నాను. అంతలోనే గుండెల మీంచి ఏదో బరువు దిగిపోయింది. లోపం నాదేనని ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకుంటూ బతికాను. దాని భుజమ్మీద తల పెట్టి బావురుమన్నాను.

మర్నాడు అత్తగారు గ్లాసు తెచ్చింది. మా ఆయన వీధరుగు మీద జోళ్లు తొడుక్కుంటున్నారు. బాలసరస్వతి పేరు బయటపెట్టలేదు.

"వద్దత్తయ్యా. ఇంక తాగను."

"అయితే పిల్లలొద్దా?"

"కావాలి. అందుకే బరంపురం డాక్టరు దగ్గరికి వెళ్దామంటున్నాను. ఇద్దరం వెళ్దాం. ముందు మీ అబ్బాయి చూపించుకోవాలి."

కొడుకు నన్ను ఏమంటాడా అని అత్తగారు ఆయనకేసి చూసింది. నేను మాత్రం చెప్పిన మాట వెనక్కి తీసుకోదల్చుకోలేదు. ఆయన జోళ్లు విడిచేసి లేచి వచ్చి, వాళ్లమ్మ చేతిలో గ్లాసు అందుకుని ముక్కుదగ్గర పెట్టుకున్నారు. మొహం చిట్లించి గభాల్న దించేశారు.

"రోజూ ఇదేనా తాగుతున్నావు?" అన్నారు. నేను తలూపాను.

"బరంపురానికి పలాసలో రైలు ఎన్నింటికి?" అన్నారు.