సీతాకోకచిలుక టిన్ను

"ఇది పొయ్యి మీద పెట్టేదా అమ్మా?" అని సుందరయ్య నన్ను అడగనే అడిగాడు.

"కాదు బాబాయ్, పిండి పోయడానికి" అన్నాను.

అబద్ధమాడలేదు. నా ఓవెను వంటింటి గట్టు మీద ప్లగ్గు పక్కన ఉంటుంది. దాన్ని మా ఇంట్లో ఎవరూ పొయ్యి అనరు. రెండో ప్రశ్న వేసే వ్యవధి నేనాయనకు ఇవ్వలేదు. నాకెప్పుడూ తొందరే.

సుందరయ్యది తెనాలి బజారులో రేకు పనుల కొట్టు. గరాటులు, నూనె డబ్బాలు, మొక్కలకు నీళ్లు పోసే డబ్బాలు చేస్తాడు. రేకు అంచులు దగ్గరపెట్టి, కాల్చిన కడ్డీతో మాటు వేసి అతికిస్తాడు. నిప్పు మీద పెట్టే సామాను అయితే మాటు వెయ్యడు, అంచులు మడిచి సుత్తితో కొడతాడు. ఆ తేడా నాకు తరవాత తెలిసింది. తెలియాల్సిన సమయంలో తెలిస్తే ఈ కథే లేదు.

రెండు వేల నాలుగులో మాట. అప్పటికి నాలుగు నెలల కిందటే నేను స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం మానేశాను. బాపట్లలో పది రోజులు క్లాసులకు వెళ్లి, గుడ్డు లేకుండా పెరుగుతో కేకులు చేయడం నేర్చుకున్నాను. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు తిని బాగుందన్నారు. ఊరికే పెడితే ఎవరైనా బాగుందనే అంటారు. ఆ మాట బయటివాళ్లు అనాలి. అనకపోతే జూన్‌లో మళ్లీ సుద్దముక్క పట్టుకోవాల్సిందే. అది తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

బయటినుంచి వచ్చిన మొదటి ఆర్డరు రేపల్లె ఇందుమతి గారిది. వాళ్ల గడపలోకి గుడ్డు రాదు. అందుకని వాళ్లమ్మాయి శ్రుతికి ఏడు పుట్టినరోజులూ పరమాన్నంతోనే గడిచిపోయాయి. ఎనిమిదో ఏట ఆ పిల్ల పట్టు పట్టింది. కేకు కావాలి, అదీ సీతాకోకచిలుక కేకు. ఇందుమతి గారు ఫోన్‌లో ఆ మాట పూర్తి చేసేలోపే నేను "అలాగేనండి" అనేశాను.

నా దగ్గరున్నది ఓవెనుతో పాటు వచ్చిన పలకలాంటి టిన్ను ఒక్కటే. "టిన్ను లేదని ఆగిపోవద్దు. ఇంట్లో ఉన్న గిన్నెలో నీళ్లు పోసి కొలవండి. కావాల్సిన టిన్నుకు పట్టేటన్ని నీళ్లే పట్టి, లోతు కూడా ఇంచుమించు అంతే ఉంటే, ఆ గిన్నే మీ టిన్ను" అని బాపట్ల మేడమ్ చెప్పింది. కుక్కరు గిన్నె కొలిచాను, పప్పు గిన్నె కొలిచాను, మా అత్తగారి పులుసు గిన్నె కూడా వదల్లేదు. అన్నీ సరిపోయాయి. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. పాత్రల కొట్లన్నీ తిరిగితే నాకు సీతాకోకచిలుక బొమ్మలున్న టిఫిన్ డబ్బాలు చూపించారు. అప్పుడు వెళ్లాను సుందరయ్య దగ్గరికి, కాగితం మీద బొమ్మ గీసుకుని.

టిన్ను బ్రహ్మాండంగా కుదిరింది. ఇంటికి తెచ్చి నీళ్లు పోసి గంట ఉంచాను. చుక్క కారలేదు.

ఆదివారం పొద్దున్నే కాల్చాను. తిరగేయగానే రెక్కలతో సహా కేకు టిన్నును సుతారంగా వదిలేసింది. నా చేతిలో ఇంత పనితనం ఉందా అని మురిసిపోయాను. ఇందుమతి గారి భర్త వచ్చి, అట్టపెట్టెలో సర్దుకుని మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయారు. సాయంత్రం ఐదింటికి కేకు కోస్తారు.

మూడు కావస్తుండగా ఆ టిన్ను తోముదామని కూర్చున్నాను. అడుగు రేకు నా చేతిలోకి ఊడి వచ్చింది.

అతుకు చుట్టూ తెల్లగా మెరుస్తుండే గీత లేదు. నల్లటి సందు ఉంది. మాటు అంటే తగరం, సీసం. నూట ఎనభై డిగ్రీలు దాటితే కరుగుతుంది. ఈ సంగతి నేను తొమ్మిదో తరగతికి ఐదేళ్లు పాఠం చెప్పాను. నా ఓవెను పెట్టింది కూడా నూట ఎనభైకే, అది పెట్టిన దగ్గర ఆగే రకం కాదు. పరుగెత్తి ఓవెను కింది ట్రే లాగి చూశాను. మూడు బొట్లు గడ్డకట్టి ఉన్నాయి. అతుకు చూస్తే మూడు జానల పొడవు. మిగతాది ఏమైంది?

మా ఆయన రవిశంకర్ వచ్చి చూశాడు. "అంతా ట్రేలోనే పడుంటదిలే. కేకులో పడిందని నువ్వు చూశావా ఏంటి?"

"పళ్లేదని కూడా చూళ్లేదుగా."

"నువ్వెళ్లి చెప్తే ఇంక నీ దగ్గర ఎవరన్నా కేకు కొంటారా? ఆలోచించు ప్రశాంతీ."

ఆలోచించాను. చేతిలో ఆ రేకు పట్టుకుని ఒక నిమిషం నిజంగానే ఆలోచించాను. ఆ నిమిషం గురించి నాకిప్పటికీ సిగ్గే.

ఫోన్ చేశాను. ఈ మార్గంలో లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒకావిడ తీపిగా చెప్పింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ అంతే తీపిగా చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఉన్న చీరతోనే బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను. కాలుగాలిన పిల్లిలా డ్రైవరు వెనక నుంచి మెట్ల దాకా తిరుగుతున్నాను. "కూర్చో అమ్మా, నువ్వు నిలబడితే బస్సు తొందరగా పోద్దా?" అన్నాడు కండక్టరు. వేమూరులో ఎవరో మేకను ఎక్కిస్తానని తగువు పెట్టుకున్నారు. భట్టిప్రోలు దగ్గర గోరుచుట్టు మీద రోకటిపోటులా రైలుగేటు వేశారు. ఎదురుగా పట్టాలు ఖాళీగా మెరుస్తున్నాయి. రైలు రాదు, గేటు తియ్యరు. నేను కిందికి దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. శ్రుతి ముఖం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ పిల్ల నోరు తెరిచి ముక్క పెట్టుకుంటున్నట్టు కళ్లముందు అదే పనిగా కనిపిస్తోంది.

రేపల్లెలో ఆటో దిగేసరికి ఐదు దాటింది. లోపల పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. చెప్పులు కూడా విడవకుండా హాల్లోకి దూసుకెళ్లాను. పట్టుపరికిణీ కట్టుకున్న పిల్ల చేతిలో కత్తి, కత్తి కింద నా సీతాకోకచిలుక.

"ఆగమ్మా! కొయ్యొద్దు!"

చప్పట్లు ఆగిపోయాయి. నేనెవరో, సైన్సు టీచరుగా చేసి కూడా ఎలా ఏమరుపాటు పడ్డానో, ఏం జరిగిందో ఒక్క గుక్కలో చెప్పాను. ఇందుమతి గారి ముఖం పాలిపోయింది. వాళ్లత్తగారు సీతామహాలక్ష్మి గారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"కేకులో సీసం ఏమిటమ్మాయ్? పిల్లదాని నోటిదగ్గరిది లాగేస్తున్నావు. ఒక్కటి చూపించు, అప్పుడు నమ్ముతాను."

టీపాయ్ మీద న్యూస్‌పేపరు పరిచి చిదపడం మొదలుపెట్టాను. ఒక రెక్క పొడైపోయింది. ఏమీ లేదు. నడుము పొడైపోయింది. ఏమీ లేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు మండిపోతున్నాయి. రవిశంకర్ చెప్పినట్టు అంతా ట్రేలోనే పడిందేమో. అయితే ఈ పిల్ల పండగ నేను ఉత్తపుణ్యానికే పాడుచేశాను. నేను చేసిన కేకులో విషం దొరకాలని నేనే దేవుడికి మొక్కుకున్నాను. అంత పాడు మొక్కు ఇంకెవరూ మొక్కి ఉండరు.

రెండో రెక్క చివర్లో వేలికి గట్టిగా ఏదో తగిలింది. జొన్నగింజంత ఉంది. మెరుస్తోంది.

సీతామహాలక్ష్మి గారు దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్లజోడు పైకి తోసి చూశారు. గోటితో నొక్కారు. "ఆ కేకంతా పొట్లం కట్టి ఎక్కడన్నా గొయ్యి తీసి పూడ్చెయ్. కుక్కలు కూడా ముట్టకూడదు" అన్నారు కొడుకుతో. ఇందుమతి గారు కూతుర్ని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నారు. వాళ్లు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తల్లి చేతుల్లోంచే శ్రుతి ఏడుస్తూ నన్నడిగింది. "మరి నా కేకు?"

"వచ్చే ఆదివారం చేసి నేనే తెచ్చిస్తానమ్మా. మీ అమ్మ ఒప్పుకుంటేనే. కాకపోతే ఆ టిన్ను లేదిక. స్టీలు గిన్నెలో గుండ్రంగా చేస్తాను. సీతాకోకచిలుక నావల్ల కాదు."

"గుండ్రంగానా?"

"గుండ్రంగానే."

పిల్ల ఏడుపాపింది. అరచేత్తో ముక్కు తుడుచుకుని, తల్లి చేతులు విడిపించుకుని టీపాయ్ దగ్గరికి వచ్చింది. కేకు పెట్టడానికి తెచ్చిన కాగితం పళ్లేల్లోంచి ఒకటి తీసి, నడిమికి సరిగ్గా రెండు ముక్కలు చించింది. గుండ్రటి వైపులు రెండూ ఒకదానికొకటి ఆనేట్టు, చించిన అంచులు బయటికి ఉండేట్టు పక్కపక్కన పెట్టింది.

రెండు రెక్కలు. సీతాకోకచిలుక.

పప్పు గిన్నె, పులుసు గిన్నె, తెనాలి బజారంతా తిరిగిన తిరుగుడు, ఆ మాటు, ఆ బస్సు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఒక గిన్నె, ఒక కత్తి ఉంటే చాలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీరు టీచరు కదా ఆంటీ, మీకు తెలీదా?" అంది శ్రుతి. వెక్కిరింతేం కాదు, పిల్ల నిజంగానే అడిగింది.