పిళ్ళప్ప ఇంట్లో పెట్టిన ప్రస్థానం

1955 జూన్ 23, గురువారం. ఉదయం ఆరు గంటలకు చింతామణి నుంచి బెంగళూరుకు మొదటి బస్సు బయలుదేరింది. అందులో వెళ్ళవలసిన సులోచన ఎక్కలేదు.

సులోచనకు పదహారేళ్ళు. ఆ ఏడాది ఎస్.ఎస్.ఎల్.సి. పాసయింది. ఇంటర్మీడియెట్ సైన్సు సీటుకు బెంగళూరులోని ఒక సర్కారు కాలేజీ ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంటర్వ్యూ ఆ రోజే, పదకొండు గంటలకు. ఆడపిల్లలకు నాలుగు సీట్లు. పిలుపు ముప్పైమందికి వచ్చింది. ఆమె తండ్రి అశ్వత్థప్పకు బజారులో బట్టల అంగడి ఉంది. ఆడపిల్లల హాస్టలు ఉందని ఆయన ఈ ఒక్క కాలేజీకే ఒప్పుకున్నాడు. సీటు రాకపోతే చదువు అంతటితో ఆగుతుంది.

హెడ్మాస్టరు శంకరనారాయణ ఆమెతో చెప్పాడు: "నీ మార్కులకు లోపలికి పిలుస్తారు. ఆపైన సగం అవకాశం ఉండాదనుకో. అసలు సర్టిఫికెట్లు చేతిలో లేకుంటే ఆ సగమూ లేదమ్మా."

గురువారం దక్షిణానికి ప్రయాణం పనికిరాదని ఆ ఇంట్లో పట్టింపు. అలాంటప్పుడు ముందురోజు మంచి గడియలో సామాను ఇల్లు దాటించి, వెళ్ళే దారిలో ఇంకొకరి ఇంట్లో ఉంచుతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. సామాను బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే. పెట్టినదాన్ని మళ్ళీ ఇంటికి తేకూడదు. మామూలుగా ఒక గుడ్డ, ఒక టెంకాయ పెడితే చాలు. సులోచన అవ్వ అక్కయమ్మ అందుకు ఒప్పుకోలేదు.

"యే పనికి పోతాండావో ఆ పనికి కావాల్సింది ముందు పోవల్ల," అంది.

సులోచన ఇంటర్వ్యూ కార్డు, సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో సర్దింది. బుధవారం మధ్యాహ్నం అశ్వత్థప్ప ఆ పెట్టెను బస్ స్టాండు పక్కన పిళ్ళప్ప ఇంట్లో దించి వచ్చాడు. పిళ్ళప్ప అక్కయమ్మ తమ్ముడి కొడుకు.

గురువారం తండ్రీ కూతురూ అక్కడికి వెళ్ళేసరికి తలుపుకు బీగం వేసి ఉంది. పక్కింటి కెంపమ్మ వాకిలి ఊడుస్తోంది.

"వాళ్ళ మామ పోయినాడంటప్పా, కెంచార్లహళ్ళిలో. నిన్న దీపాలేళకు కబురొచ్చె. పిలకాయలతో సహా బండి కట్టుకోని పోయినారు."

"బీగంచెవి?" అన్నాడు అశ్వత్థప్ప.

"మొలతాడుకు కట్టుకోనే పోయినాడు. నిద్రలో గూడా దాన్ని ఇడిసే మనిషి కాదు."

బస్సు కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి, "పెండ్లి మాటలు మాట్లాడతాండారా యేమప్పా?" అని విజిలు ఊదాడు. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు ఎనిమిదిన్నరకు. ఎద్దులబండిలో కెంచార్లహళ్ళికి పోయి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"బీగం పగలగొట్టు నాయనా," అంది సులోచన.

"అంగడి పెట్టుకోని బదికేవాణ్ణి. ఇంకొకరి బీగం పగలగొడితే బజారులో యెవురు నమ్ముతారు నన్ను?"

"మనోళ్ళ ఇల్లే కదా."

"సావింటికి పోయినోళ్ళ ఇల్లు. నా చేత కాదు."

ఎదురుగా హోటలు నడిపే మునినారాయణ గల్లా దగ్గర్నుంచి అడిగాడు: "యేమి అశ్వత్థప్పా, గుడ్డలు అమ్ముడుపోలేదని బీగాలు పగలగొట్టే వ్యాపారం మొదలుపెట్టినావా?"

హోటల్లో నలుగురు నవ్వారు. అశ్వత్థప్ప అరుగు మీద కూర్చున్నాడు. లేచి బీగాన్ని లాగి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఏడు దాటినా ఆయన కదలకపోయేసరికి సులోచన ఇంటికి పరుగెత్తింది. బయలుదేరిన మనిషి కాబట్టి గడప తొక్కలేదు. వీధిలోనే నిలబడి అవ్వను కేకవేసింది.

అక్కయమ్మ వచ్చేసరికి ఏడున్నర దాటింది. బీగాన్ని చూసి, కొడుకును చూసింది.

"కొట్టు."

"అమ్మా, పిళ్ళప్ప వచ్చినంక యేమని చెప్పేది?"

"నేను కొట్టమన్నానని చెప్పు. వానికి ముడ్డి కడిగి పెంచినదాన్ని. బీగం పోయిందని నన్ను జైల్లో యేపిస్తాడా?"

"నువ్వు ఆ కాగితాలు పెట్టమనకుంటే ఈ పాటు లేకపోయె గదమ్మా."

"లేకపోయె. పెట్టమంటిని. ఇప్పుడు తియ్యమంటాండాను. కొడతావా, నన్ను కొట్టమంటావా?"

మునినారాయణ హోటలు నుంచి గడ్డపార తెచ్చి ఇచ్చాడు. అశ్వత్థప్ప నాలుగు దెబ్బలు కొట్టాడు. బీగం ఊడలేదు, తలుపుకున్న కొండీ ఊడింది. సులోచన లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చుకుంది. కెంపమ్మ తన ఇంటి బీగం తెచ్చింది. వేయడానికి కొండీ లేదు. పిళ్ళప్ప వచ్చేదాకా ఆ గుమ్మంలో తాను కూర్చుంటానని అక్కయమ్మ కూర్చుంది.

ఎనిమిదిన్నర బస్సు హొసకోట దగ్గర టైరు మార్చుకుంది. వాళ్ళు కాలేజీ చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. సులోచన పేరు రెండుసార్లు పిలిచారని జవాను చెప్పాడు. అందరూ అయ్యాక లోపలికి పంపాడు.

లోపల ముగ్గురు ఉన్నారు. రసాయనశాస్త్రంలో రెండు ప్రశ్నలు, లెక్కల్లో ఒకటి అడిగారు. రెండింటికి జవాబు చెప్పింది. ఒకటి తెలియదంది. ఎందుకు ఆలస్యమైందని మధ్యలో కూర్చున్నాయన కన్నడంలో అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పింది. సైన్సు చదవాలనుకునే పిల్ల ఇలాంటివి నమ్ముతుందా అని ఆయన అడిగాడు. తాను నమ్మదని, అవ్వ నమ్ముతుందని, అవ్వ ఒప్పుకోకపోతే తాను ఈ గదిదాకా వచ్చేదే కాదని చెప్పింది. ఆయన ఏదో రాసుకున్నాడు. వెళ్ళవచ్చన్నాడు.

జూలై 4న జాబితా వచ్చింది. నలుగురిలో సులోచన లేదు. వెయిటింగులో మొదటి పేరు ఆమెది. ఆలస్యం వల్ల మార్కులు తగ్గాయా అని శంకరనారాయణ కాలేజీకి రాసి అడిగాడు. జవాబు రాలేదు.

చేరడానికి గడువు జూలై 15, సాయంత్రం అయిదు గంటలు. ఆ రోజు పొద్దున్నే సులోచన, అశ్వత్థప్ప కాలేజీ వరండాలో గుమాస్తా కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. అప్పటికి ముగ్గురు చేరారు. నాలుగో అమ్మాయి మైసూరు నుంచి రావాలి. గేటు దగ్గర జట్కా ఆగినప్పుడల్లా సులోచన లేచి నిలబడింది.

"కూచో. నిలబడితే రాకుండా పోతుందా?" అన్నాడు అశ్వత్థప్ప.

నాలుగు గంటలకు ఒక జట్కాలోంచి ట్రంకుతో ఒక అమ్మాయి దిగింది. ఈసారి అశ్వత్థప్ప కూడా లేచాడు. ఆమె బి.యస్సీ.లో కొత్తగా చేరిన పిల్ల. హాస్టలు ఎటువైపో వాళ్ళనే అడిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన కూర్చోలేదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. గుమాస్తా ఒకసారి తల బయట పెట్టి, నడక ఆపమన్నాడు.

అయిదు గంటలకు గంట కొట్టారు. గుమాస్తా గేటువైపు చూశాడు. తర్వాత సులోచన పేరు పిలిచి, సర్టిఫికెట్లు ఇవ్వమన్నాడు. ఆమె కిటికీలోంచి అందించింది. ఆయన వాటిని తీసుకుని, చేరినట్టు రసీదు రాసి ఇచ్చాడు.