ఆక్సిజన్‌ని ఆరబెట్టిన రోజు

లక్ష్మీకుమారికి ఆ పూట నిలబడే ఓపిక కూడా లేదు. తెల్లవారక ముందు నుంచీ అమ్మతో కలిసి తడికల మీద చేపలు ఎండబెట్టడానికి పరిచి, అలాగే బడికి వచ్చింది. అండమాన్‌లో మాయాబందర్ శివారులోని ఆ బడిలో ఆమె కాంట్రాక్టు కెమిస్ట్రీ టీచరు. ఆమెని వచ్చే ఏడాది కూడా ఉంచాలో వద్దో తేల్చడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గణేశ్వరరావు నిన్నటి నుంచీ వెనక బల్ల మీద కూర్చుని పాఠం చూస్తున్నాడు.

నిన్న పిల్లలకి సులువుగా ఉంటుందని, "ఇంట్లో అంతస్తుల తడికల మీద కవళ్ళ చేపలు ఎండేస్తారే, పరమాణువులో ఎలక్ట్రాన్లూ అంతే" అని చెప్పింది. అందరూ తలలూపారు.

ఇవాళ బోర్డు మీద అడుగున ఒక గడి, దానిపైన ఒకటి, ఆ పైన పక్కపక్కనే మూడు గళ్ళు గీసి నూకరత్నాన్ని పిలిచింది.

"ఆక్సిజన్‌కి ఎనిమిది ఎలక్ట్రాన్లు. గడికి రెండుకి మించకుండా సర్దు."

ఆ పిల్ల తడుముకోకుండా ఎలక్ట్రాన్‌కి గుర్తుగా పై వరసలో గడికొక బాణం గీసింది. తర్వాత ఒక్కోదాని పక్కన ఇంకోటి, తలకిందులుగా. మిగిలిన రెండూ కింది గడిలో పెట్టింది. అట్టడుగు గడి ఖాళీ.

"కింద వాటా అద్దెకిస్తారా, మేడమ్?" అన్నాడు గణేశ్వరరావు. పిల్లలు నవ్వారు.

"పైనుంచి ఎందుకు మొదలెట్టావే?" అంది లక్ష్మీకుమారి.

"కింద పెడితే కుక్కలు లాగేస్తాయి గదా, మేడమ్. పైనైతే గాలి. మీ అమ్మ కూడా పైనుంచే పరుస్తాది, నాను సూసినాను."

నిజమే. పొద్దున తాను పరిచిందీ అలాగే. ఈ ఉద్యోగం పోతే వచ్చే ఏడాది నుంచి ఇక రోజంతా ఆ తడికల దగ్గరే. లక్ష్మీకుమారి బోర్డుకి చేరగిలబడింది.

"పైకెక్కాలంటే ఓపికుండాల. ఎలక్ట్రాన్‌కి అది ఉండదు. రాత్రంతా చేపల వేట చేసి వచ్చి ఓడెక్కినోడు ఏ బెర్త్ మీద పడతాడు?"

"కిందదే."

"అది నిండిపోతే?"

"దాని పైది." నూకరత్నం ఆగింది. "మరి ఒకే ఎత్తులో మూడు ఖాళీలుంటే?"

"అది మాత్రం కవళ్ళలాగే. ముందు తలా ఒక చోటు. చోటు చాలకపోతేనే రెండోది, తల అటు తిప్పి."

నూకరత్నం అంతా చెరిపేసింది. అడుగున రెండు, దానిపైన రెండు. మిగిలిన నాలుగింటిలో పై మూడు గళ్ళకీ ఒక్కోటి పెట్టి, ఆఖరిదాన్ని మొదటి గడిలో తలకిందులుగా ఇరికించింది.

"రెండు గళ్ళల్లో ఒంటరివి ఉండిపోయాయి, మేడమ్."

"ఉండాలి. కూర్చో."

వరండాలోకి వచ్చాక గణేశ్వరరావు, "నిన్న తప్పు చెప్పారు మీరు" అన్నాడు.

"అవునండి."

"ఇవాళ దిద్దారు. ఠీక్ హై, ఇంకో ఏడాది ఉండండి. ఆ చేపల గోల మాత్రం మానెయ్యండి."

"మానలేనండి. వాళ్ళకి తెలిసింది అదే. ఈసారి కుక్కల సంగతి ముందే అడుగుతాను."

ఆయన మెట్లు దిగాడు. సంతోషపడాలని లక్ష్మీకుమారికి తెలుస్తూనే ఉంది, కానీ ఒళ్ళు సహకరించలేదు. తర్వాత వెళ్ళాల్సిన తొమ్మిదో తరగతి గదిలో అప్పటికే గొడవ మొదలైంది. సుద్దముక్క పట్టుకుని అటు నడిచింది.