పద్నాలుగు తలపాగాలు

లాల్జాన్ బావిలో పడినప్పుడు ఖాన్ డేరా అక్కడికి నూరడుగుల దూరంలో ఉంది. ఈ మాట ముందే చెబుతున్నాను. తర్వాత కచేరీలో రాసుకున్న కాగితంలో డేరా ఊసే లేదు. మీలో చదువుకున్నవాళ్లు ఆ కాగితాన్నే నమ్మే ప్రమాదం ఉంది.

అది వానలు ఎగ్గొట్టిన రెండో ఏడు. ఫరా ఎడారి అంచున మా ఊరు దోసంగ్. మాకు నీళ్లంటే కారేజే. కొండ అడుగు నుంచి ఊరిదాకా నేల లోపల తవ్విన సొరంగం, దాని పొడవునా ముప్పై బావులు. ఆ బావుల్లోకి దిగి పూడిక తీసి నీళ్లు నడిపించేది మేం. నీళ్లు మాత్రం సర్‌బులంద్ ఖాన్‌వి. ముందు ఆయన దానిమ్మ తోట తడవాలి. మిగిలితే మా గోధుమ మడులకు. ఆ ఏడు మిగల్లేదు.

గిలక మీది తాడు నానీ ఎండీ పీచులు లేచింది. మా మేస్త్రీ ఖుదాయ్‌నజర్ కాకా కొత్త తాడు కోసం మూడుసార్లు అడిగాడు. ఖాన్ గుమాస్తా మూసా మూడుసార్లూ ఒకటే చెప్పాడు.

"ఈ ఏటికి లాగించండి."

ఆ పొద్దున ఖాన్‌కు పట్నం నుంచి అతిథులొచ్చారు, డేగలతో వేటాడటానికి. వాళ్ల కోసం తెల్లటి డేరా వేసి, పన్నెండు కొత్త తాళ్లతో బిగించారు. లాల్జాన్ నడుముకు పాత తాడు కట్టుకుంటూ అటు చూసి నవ్వాడు.

"ఒరేయ్, ఆ డేరా నాకంటే బరువుందేమో చూడండ్రా."

సగం లోతుకు దిగాక తాడు తెగింది.

శబ్దం పెద్దగా రాలేదు. గిలక ఒక్కసారి తేలికై గిర్రున తిరిగింది. కింద నుంచి ముందు దుమ్ము వచ్చింది, తర్వాత లాల్జాన్ మూలుగు. బతికే ఉన్నాడు. కానీ బావి గోడల నుంచి మట్టి జారుతోంది. పన్నెండు నిలువుల లోతు.

మూసా అక్కడే ఉన్నాడు. మేం డేరా వైపు చూశాం. అతనూ చూశాడు.

"నాలుగు తాళ్లు విప్పితే చాలు, మూసా సాబ్," అన్నాడు కాకా.

"విప్పితే డేరా కూలుతుంది. లోపల అతిథులున్నారు."

"బావిలో మనిషున్నాడు."

"ఖాన్ సాబ్‌ను అడగాలి. ఆయన భోజనానికి కూర్చున్నారు."

కాకా తనే వెళ్లాడు. డేరా ముందు నిలబడి, తల మీది పాగా విప్పి, మడిచి, ఖాన్ కాళ్ల దగ్గర పెట్టాడు. మా నేల మీద ఒక మగాడు ఎదుటివాడి పాదాల దగ్గర తన తలపాగా పెడితే ఆ మాట తోసేయకూడదు. పగవాడి ఇంటి పిల్లను కూడా కోడలిగా తెచ్చుకోగలిగే వేడుకోలు అది. ఖాన్ చేతిలో రొట్టె ముక్క ఉంది.

"తలకు కట్టుకో ఖుదాయ్‌నజర్. అతిథులు చూస్తున్నారు. భోజనాలయ్యాక విప్పిస్తాలే."

కాకా పాగా లేని తలతో తిరిగొచ్చాడు. అరవై ఏళ్ల మనిషిని అట్లా చూడటం అదే మొదటిసారి మాకు. తెల్ల జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. ఆయన మా ముఖాల్లోకి చూడలేదు. చేతిలోని గుడ్డ ఒక కొస నా చేతికిచ్చాడు.

"పట్టుకో మీర్‌బాజ్. మెలిపెట్టు. అందరూ విప్పండ్రా."

మేం పద్నాలుగు మందిమి. ఒక్కో పాగా ఏడు గజాలు. వాటితోనే మేం ఎండ కాచుకునేవాళ్లం, దుమ్ము గాలికి మూతి కట్టుకునేవాళ్లం, పురుగుల నీళ్లు వడగట్టుకునేవాళ్లం, దెబ్బ తగిలితే కట్టు కట్టేవాళ్లం, అలసిపోతే మడిచి తలకింద పెట్టుకునేవాళ్లం. తాడు చేయడం మాత్రం అప్పుడే. రెండేసి కలిపి మెలిపెట్టి, కొసలు తడిపి ముడులేశాం. ఆగుతుందో లేదో చూడటానికి ఇటు ఏడుగురు అటు ఏడుగురు పట్టి లాగాం. ఒక ముడి జారింది. కాకా తిట్టుకుంటూ మళ్లీ వేశాడు. అందరిలోకీ సన్నగా ఉండేవాణ్ణి నేను. నేనే దిగాను.

కింద లాల్జాన్ మోకాళ్ల దాకా మట్టిలో ఉన్నాడు. తుంటి విరిగింది. నన్ను చూసి, "తాడు మెత్తగా ఉందేంట్రా?" అన్నాడు.

"మన పాగాలే."

"కాకాది కూడానా?"

"ముందు ఆయనదే."

లాల్జాన్ పాగాతోనే అతన్ని, ఆడవాళ్లు బిడ్డను కట్టుకున్నట్టు, నా వీపుకు కట్టుకున్నాను. పైన పదముగ్గురు లాగారు. ప్రతి ముడి గిలక మీదికి ఎక్కినప్పుడల్లా ఆగి, కిర్రుమని, దాటింది. మేం పైకొచ్చేసరికి డేరాలో ఇంకా భోజనాలు అవుతూనే ఉన్నాయి.

లాల్జాన్ సాయంత్రం నమాజు వేళదాకా బతికాడు. చివర్లో "లోపల నీళ్లున్నాయి కాకా, చప్పుడు విన్నా" అన్నాడు. నీళ్ల సంగతే చెప్పాడు, తన సంగతి చెప్పలేదు.

శవానికి కట్టే గుడ్డ ఊళ్లో దొరకలేదు. కాకా పాగా ఇవ్వబోయి ఆగాడు.

"ఇది ఖాన్ కాళ్ల దగ్గర పడింది. దీంట్లో వద్దు."

నాదీ ఇంకొకరిదీ కలిపి చుట్టాం. బావుల వరస పక్కనే, గట్టు మీద పూడ్చాం.

మర్నాడు పొద్దున్నే మూసా వచ్చాడు. మేం గట్టు మీద పాగాలు మోకాళ్లకూ వీపుకూ కలిపి బిగించుకుని కూర్చున్నాం. మా వైపు అట్లానే కూర్చుంటారు, ఎంతసేపైనా నడుము నొప్పి పుట్టదు. మూసా వెనక గాడిద మీద ఒక పిండి బస్తా, ఒక కొత్త తాడు చుట్ట.

"మట్టి కూలి నీళ్లు ఆగిపోయాయి. తోట వాడుతోంది. ఇదిగో తాడు, దిగండి. పిండి లాల్జాన్ ఇంటికి. ఖాన్ సాబ్ మనసు పెద్దది."

ఎవరూ లేవలేదు. మూసా తాడు కింద పడేసి వెళ్లిపోయాడు. తర్వాత మాలో మాకే గొడవ మొదలైంది.

"తాడు వచ్చింది కదా, దిగుదాం," అన్నాడు పీర్‌దోస్త్. "మా ఇంట్లో నలుగురు పిల్లలు. నిన్నటి నుంచి కుండలో బురదే."

"అందుకే దిగొద్దంటున్నా," అన్నాను. "ఈసారి దిగితే ఇంకెప్పుడూ అడగలేం."

"అడుగుతూ కూర్చో. మా పిల్లలు నీ మాటలు తాగి బతుకుతారు."

"ఇరాన్ పోదాం," అన్నాడు ఇంకొకడు. "అక్కడ ఇటుక బట్టీలున్నాయి."

"అక్కడ ఖాన్‌లు లేరా?"

అంతా ఒకేసారి అరుస్తున్నారు. అప్పుడొచ్చింది జర్మీనా, లాల్జాన్ భార్య. మా ఊళ్లో ఆడవాళ్లు మగవాళ్ల కూటమికి రారు. చాదరు ముఖం మీదికి లాక్కుని, మా వైపు కాకుండా సమాధి వైపు తిరిగి మాట్లాడింది.

"దిగండి. నీళ్లు తీయండి. పిల్లలు ఎండిపోతున్నారు. కానీ ఆ తాడుతో వద్దు, ఆ తోటకూ వద్దు. మీ గుడ్డలతో దిగి మన మడులకు తిప్పండి."

కాకాకు కూడా భయం పట్టుకుంది. నేను చూశాను.

"కారేజు ఖాన్ తాతది, కోడలా," అన్నాడు మెల్లగా.

"తవ్వింది ఎవరి తాత, మామా?"

కాకా తాత పద్దెనిమిదో బావిలో పూడుకుపోయి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, ఎముకలు కూడా దొరకలేదు. కాకా లేచి మూసా తాడును కాలితో పక్కకు నెట్టాడు. పీర్‌దోస్త్ అందరికంటే ఆఖరున లేచాడు. కానీ లేచాడు.

మూడు రోజులు దిగాం. పన్నెండు పాగాల తాడు. ముడులు అరిగిన చోట మళ్లీ కట్టాం. పిండి బస్తాను జర్మీనా విప్పి, దిగేవాళ్లందరికీ రొట్టెలు కాల్చింది. నాలుగో పొద్దున నీళ్లొచ్చాయి, ముందు ఎర్రగా, తర్వాత తేటగా.

నీళ్లు బయటికొచ్చే చోట కాలువ రెండుగా చీలుతుంది. కుడివైపు తోట, ఎడమవైపు మేం. రాళ్లు లేని నేల మాది, ఉత్త ఇసుక. ఇసుక పోస్తే కొట్టుకుపోయింది. తాడు విప్పేశాం. ఒక్కో పాగాను నాలుగు మడతలు వేసి, తడి మట్టి నింపి, మూట కట్టి కుడి కాలువ నోట్లో దించాం. పన్నెండు మూటలు. నీళ్లు కాసేపు తడుముకున్నట్టు అక్కడే తిరిగి, ఎడమవైపు మళ్లాయి. పీర్‌దోస్త్ ఆ నీళ్ల వెంట పరిగెత్తాడు, వాటి కంటే ముందు ఇంటికి చేరాలన్నట్టు.

రెండు రోజులు పారాయి. మూడో రోజు మధ్యాహ్నం జిల్లా నుంచి ఇరవై మంది పోలీసులొచ్చారు. వాళ్ల అధికారి కుర్రవాడు, పట్నం మనిషి. గుర్రం దిగకుండానే అడిగాడు.

"ఎవరు మొదలుపెట్టారు దీన్ని?"

"లాల్జాన్," అన్నాడు కాకా.

"లాల్జాన్," అన్నాను నేను. వరసగా అందరూ అదే అన్నారు. పీర్‌దోస్త్ అందరికంటే గట్టిగా అన్నాడు.

"పిలవండి వాణ్ణి."

కాకా సమాధి చూపించాడు.

ఆ తర్వాత తుపాకీ మడమలతో కొట్టారు. నా రెండు పళ్లు ఊడాయి. కాకాను కింద పడేసి వీపు మీద తొక్కారు. బాయినెట్లతో మూటలు చీల్చారు. మట్టి కరిగిపోయింది, నీళ్లు తోట వైపు తిరిగాయి. అధికారి నవ్వాడు. అంతే, అయిపోయింది అనుకున్నాం. నేల మీద పడి ఉన్న నాకు అప్పుడు ఇక ఏమీ మిగల్లేదనిపించింది.

జర్మీనా కాలువలోకి దిగింది. తెగిన చోట, నీళ్లకు అడ్డంగా కూర్చుంది. పీర్‌దోస్త్ భార్య పక్కన కూర్చుంది. తర్వాత కాకా కూతురు, తర్వాత ఎవరెవరో, చాదర్లు నీళ్లలో ఉబ్బుతుండగా ఒకరి భుజాన్ని ఒకరు ఆనుకుని కూర్చున్నారు. నీళ్లు వాళ్ల వీపులకు కొట్టుకుని నడుము దాకా లేచి మళ్లీ ఎడమవైపుకు తిరిగాయి. పోలీసులు మా ప్రాంతం వాళ్లే. పరాయి ఆడదాని మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అధికారి రెండుసార్లు ఆజ్ఞ ఇచ్చాడు. ఒక్కడూ కదల్లేదు.

ఆ కోపమంతా మా మీద చూపించి, పదకొండు మందిని గుర్రాల వెనక నడిపించారు. జైలు రెండు రోజుల నడక. కాకాకు దారిలోనే నోటి నుంచి నెత్తురు పడింది.

జైల్లో నెల గడిచింది. కాకా లేవలేకపోయాడు. ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఖాన్ బయటి ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చాడని, ఆడవాళ్లను గొడ్డలి కర్రలతో కొట్టించాడని, జర్మీనా చెయ్యి విరిగిందని కాపలావాడు చెప్పాడు. నిజమో, మా ధైర్యం చెడగొట్టడానికి చెప్పాడో తెలియదు. పీర్‌దోస్త్ రోజంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక పొద్దున తలుపు తీసి ఆరుగురిని లోపలికి తోశారు. దెబ్బలతో ముఖాలు వాచి ఉన్నాయి. మాకెవరూ తెలియదు. వాళ్లలో ఒకడు గోడ పట్టుకుని నిలబడి అడిగాడు.

"దోసంగ్ వాళ్లు ఈ గదిలోనేనా?"

"మేమే. మీదేవూరు?"

"చాహక్. మీ నీళ్లు ఖాన్ మనుషులు ఆపేశారన్నా, నాలుగు రోజుల కిందట. ఆ మర్నాడే మేం మా కారేజును మా మడులకు తిప్పాం."

కాకా మోచేతి మీద లేవబోయాడు. నేను పట్టుకున్నాను. ఆయన గొంతు ఇంచుమించు వినపడనట్టే ఉంది.

"మీ నీళ్లు ఎంత దూరం పారాయి?"

"చివరి మడి దాకా, కాకా."

ఆయన గోడకు జరిగి, తన పక్కన చాప తడిమి చూపించాడు.

"కూర్చోండి. ఏం చేశారో మొదటి నుంచి చెప్పండి."

పీర్‌దోస్త్ గోడవైపు నుంచి ఇటు తిరిగి లేచి కూర్చున్నాడు.